కోతలో పోయిన ఆరు లైన్లు

1997 వానాకాలం. ఆళ్లగడ్డలో ఒక ఎయిడెడ్ హైస్కూలు. పొద్దున పదకొండు గంటలప్పుడు మార్తమ్మ టీచరు ఏడో తరగతికి భాగహారం చెబుతూ బోర్డు మీద ఏడు అంకె వేసింది. దాని పక్కన మళ్ళీ ఏడు. ఆ పక్కన ఇంకో ఏడు. శేషం తెగని లెక్క కాబోలనుకుని పిల్లలు రాసుకుంటూ పోయారు. బోర్డు అయిపోయినా ఆమె చెయ్యి ఆగలేదు. సుద్దముక్క గోడ మీదికి ఎక్కింది. మెడ మీద చెమట ధారలు కట్టింది.

ముందు బెంచీలో పిల్ల భయపడుతూనే అంది. "టీచర్, గోడ మీద రాస్తాండారు."

"నోరు మూసుకోని రాసుకో" అని మార్తమ్మ తిరిగింది. తిరిగినట్టే కూలిపోయింది.

డ్రిల్లు మాస్టరు గ్లూకోజు నీళ్ళు కలుపుకుని పరిగెత్తుకొచ్చాడు. తెలుగు పండితుడు గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "షుగరు మనిషికి చక్కెర నీళ్ళు పోస్తావా? సంపుతావా ఏందప్పా?" ఇద్దరూ ఆమె తల దగ్గర నిలబడి వాదులాడుకున్నారు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదన్న మాట నిజమే. కానీ ఆ నిమిషంలో ఆమె రక్తంలో లేనిది చక్కెరే. ఆటోలో వేసుకుని దగ్గరలోని క్లినిక్‌కు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు నరానికి గ్లూకోజు ఎక్కించాడు. కాసేపటికి కళ్ళు తెరిచి ఆమె అడిగిన మొదటి మాట, "నా డస్టరు యాడుంది?"

ఆ సమయానికి నేను నంద్యాలలో ఉన్నాను. ఆమె అలా పడిపోవడంలో నా పాత్ర ఒకటుందని మూడు రోజుల తర్వాత గానీ నాకు తెలియలేదు.

అప్పట్లో నేనొక దినపత్రికకు నంద్యాల కంట్రిబ్యూటర్ని. అంటే జీతగాణ్ణి కాదు, వార్తలు పంపే మనిషిని. రాసిన కాగితాలు కవరులో పెట్టి సాయంత్రం కర్నూలు బస్సు కండక్టరు చేతికిస్తే, అక్కడి డెస్కు వాళ్ళు వాటిని దిద్ది జిల్లా పేజీల్లో వేసేవాళ్ళు. వార్తలతో పాటు వారానికొక ఆరోగ్య శీర్షిక కూడా నా నెత్తినే ఉండేది. నంద్యాలలో పేరున్న ఒక డాక్టరు గారు ఓపీ అయ్యాక మాట్లాడేవారు, నేను రాసుకునేవాణ్ణి. ఆయనకు రాసే తీరిక లేదు, నాకు వైద్యం తెలియదు. ఇద్దరం కలిస్తే ఒక శీర్షిక అయ్యేది.

ఆయనకు తిండి చార్టులంటే పడదు. "చార్టు చూసి తినేవాడు నెల రోజులు తింటాడు. ఆ తర్వాత దొంగతనంగా తింటాడు" అనేవారు. పళ్ళెం ముందు కూర్చున్నాక కడుపును అడగండి, ఇది ఆకలా, నాలుక సరదానా, మనసు బాగాలేక తినడమా అని. ఆకలైతే తినండి, నిదానంగా తినండి, చాలనిపించినచోట ఆపండి. ఏ పదార్థానికీ చెడ్డపేరు పెట్టకండి, తిన్న రెండు గంటలకు ఒళ్ళు ఎట్లా ఉందో చూసుకోండి. ఈ పద్ధతికి తర్వాత్తర్వాత పట్నాల్లో ఇంగ్లీషు పేర్లు వచ్చాయి. ఆయన మటుకు దాన్ని కడుపును అడిగి తినడం అనేవారు.

ఆ వారం ఇదే విషయం చెప్పి, నేను కలానికి మూత పెడుతుంటే, లేస్తూ లేస్తూ ఇంకో మాట అన్నారు. "షుగరు మాత్ర వేసుకునేవాళ్ళు మాత్రం ఆకలి కోసం కాచుకోకూడదు. మాత్ర పడిందంటే అరగంటలో తిండి పడాల్సిందే, ఆకలున్నా లేకున్నా. రాసుకున్నావా?" రాసుకున్నాను. చివర్లో చెప్పారు కాబట్టి చివర్లోనే పెట్టాను. ఆరు లైన్లు.

వార్త రాసే పద్ధతి తెలియనివాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. మేము బరువైన సంగతి పైన పెడతాం, కిందికి పోయేకొద్దీ తేలికవి. చోటు చాలకపోతే డెస్కు వాళ్ళు చదవకుండానే అడుగు నుంచి కోసేస్తారు. వార్తకు నష్టం ఉండదు. కానీ డాక్టర్లు అలా మాట్లాడరు. అసలైన జాగ్రత్త రోగి గుమ్మం దాటేటప్పుడు చెబుతారు. ఇన్నేళ్ళు ఈ పని చేస్తూ ఆ తేడా నాకు తట్టలేదు.

ఐటెమ్ పంపిన మర్నాడు సాయంత్రం డెస్కు నుంచి ఫోను. "అన్నా, నివాళి ప్రకటన ఒకటొచ్చింది. మీ డాక్టరు ఐటెమ్ ఆరు లైన్లు ఎక్కువైతాండాది. ఏం తీయమంటావ్?"

నేను పత్తి మార్కెట్లో గొడవ వార్త రాస్తున్నాను. తల ఎత్తకుండానే అన్నాను. "కింద నుంచి కొట్టెయ్యప్పా."

మార్తమ్మ భర్త సామేలు ట్రాక్టరు మెకానిక్. గురువారం పొద్దున గ్రీజు మరకల చొక్కాతోనే నా గదికి వచ్చాడు. పేపరు ముక్కను నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చాడు.

"ఇది రాసినోడు యాడున్నాడు?"

"నేనే రాసింది. చెప్పింది డాక్టరు గారు."

"నువ్వేనా." నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మా ఇంటామె నీ మాట ఇని సావు దాకా పోయొచ్చింది. మూడు వారాల్నుంచి పొద్దన మాత్ర ఏసుకుంటాంది, ఆకలైతేనే తింటా అంటాంది. నేను తినమే అంటే నీకు తెల్దు పేపర్లో ఏసినారు అంటాంది. ఇంగ నేనేం మాట్లాడాలప్పా? పేపరు మీద మాట్లాడాల్నా?"

ఆ ముక్క తీసుకుని చదివాను. 'ఒళ్ళు ఎట్లా ఉందో చూసుకోండి' దగ్గర ఐటెమ్ అయిపోయింది. దాని కింద గీత, గీత కింద ఎవరిదో ఫోటో, కన్నీటి నివాళి. చొక్కా తొడుక్కుని సామేలు వెంట ఆళ్లగడ్డ బస్సెక్కాను. బస్సు శిరివెళ్ల దాటింది. అప్పుడు అతను ఒకటే అడిగాడు. "నీకు షుగరు ఉండాదా?" లేదన్నాను. "అదే మళ్ల" అన్నాడు.

మార్తమ్మ మంచం మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నలభై ఐదు దాటిన మనిషి, సన్నటి కళ్ళద్దాలు. నేను ఆరు లైన్ల సంగతి దాచకుండా చెప్పాను. కోసెయ్యమన్నది నేనేనని కూడా చెప్పాను.

దిద్దుతున్న పేపరును ఆమె పక్కన పెట్టింది. ఎర్ర పెన్నుకు మూత పెట్టింది.

"సార్, నేను మీ మీద కోపంగా లేను అనుకోవద్దు. ఉండాను. కానీ ఇంకోటి కూడా చెప్తా, ఇనండి. పెళ్ళయిన కాడ్నుంచి నా పళ్ళెం ఎవురెవురో చూస్తాండారు. అత్త చూసె, డాక్టర్లు చూసిరి, స్టాఫు రూములో తీపి ఓళిగలు పంచితే అందరి కళ్ళూ నా చేతి మీదే. 'టీచరమ్మకు వద్దులే పాపం' అంటారు. ఆ పాపం ఇని ఇని నేనేం చేసేదాన్నో తెలుసా? బీరువాలో సుద్దముక్కల డబ్బా ఉంటాది. దాంట్లో పాలకోవా పెట్టుకోని, పీరియడుకు పీరియడుకు మధ్య గోడ తట్టు తిరిగి మింగేదాన్ని. రుచి కూడా తెలిసేది కాదు."

"ఇది నాకెప్పుడూ చెప్పలే" అన్నాడు సామేలు.

"నువ్వు పొగాకు నమిలేది నాకు చెప్తాండావా?"

అతను గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు.

"మీరు రాసింది చదివినాక ఆ డబ్బా ఖాళీ చేసినా. ఎదురుగా పెట్టుకోని ఒక ముక్క తిన్యా, నిదానంగా. నాకు తీపి ఎట్ల పడతాదో అప్పుడు తెలిసింది. ఒట్టి తీపి తింటే గంటకు కళ్ళు మూతపడతాయి, ఆ ఎనకాలే మళ్ల ఇంకా కావాలనిపిస్తాది. కొర్రన్నం, పప్పు తిన్యాక అదే ముక్క తింటే ఏం కాదు, రెండోది అడగబుద్ధి కాదు. ఇన్నేళ్ళకు నా ఒళ్ళు నాకు లెక్క చెప్పింది సార్. మీరేమో లెక్కలో ఆఖరి మెట్టు కొట్టేసినారు."

నేనడిగాను, ఆ రోజు ముందుగా ఏమీ తెలియలేదా అని.

"తెలిసింది. అదే నన్ను తినేస్తాండాది. పదిన్నరకు తీపి కావాలని ప్రాణం పీకింది. కడుపును అడిగినా, ఆకలి లేదు. ఆకలి లేకుంటే అది నాలుక సరదా అని మీరే రాసినారు గదా. అణుచుకున్యా. పాఠం చెప్పేదానికి పోతి."

ఆ పదిన్నర కోరిక నాలుకది కాదు, ప్రాణానిది. ఆకలి కోసం కాచుకోవద్దని ఆమెకు చెప్పాల్సిన లైన్లు కర్నూలు డెస్కులో చెత్తబుట్టలో ఉన్నాయి.

ఆమె ముందు ఇంకో గండం ఉంది. తరగతిలో పడిపోయే మనిషి చేతికి పిల్లల్ని ఎలా ఇస్తామని స్కూలు నడిపే కరస్పాండెంటు అడుగుతున్నాడు. ఇకమీదట పడిపోదని డాక్టరు రాసిస్తే తరగతి, లేకుంటే లైబ్రరీ గదిలో పుస్తకాలు సర్దే పని. "పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పినా సార్. పుస్తకాల మీద దుమ్ము నేను దులపను" అంది మార్తమ్మ.

మరుసటి వారం భార్యాభర్తలిద్దరినీ మా డాక్టరు గారి దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన అంతా విని నా వైపు ఒక్కసారి చూశారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత మార్తమ్మతో అన్నారు. "నువ్వు తిన్నా తినకున్నా మాత్ర నీ రక్తంలో చక్కెరను దింపుతూనే ఉంటుంది. అది మింగినాక నీ కడుపు చెప్పేది పూర్తి నిజం కాదమ్మా. ఆలస్యంగా చెబుతుంది, ఒక్కోసారి అసలే చెప్పదు. కాబట్టి ఎప్పుడు తినాలో గడియారాన్ని అడుగు. ఏం తినాలో, ఎంత తినాలో కడుపును అడుగు. చెమట పట్టి చెయ్యి వణికితే మాత్రం ఎవర్నీ అడక్కు, చక్కెర నోట్లో వేసుకో."

"మళ్ల గడియారం చెప్పినట్ల ఇనాల్నా?" అంది ఆమె. ఆ గొంతులో అలకే కాదు, నిజమైన బాధ కూడా ఉంది.

"బడి గంట వినడం లేదా? ఇదీ అట్లాగే" అన్నారాయన. మాత్రను పొద్దున తొమ్మిదికి మార్చి, మోతాదు కూడా తగ్గించారు. పడిపోదని రాసివ్వడానికి మాత్రం ఒప్పుకోలేదు. "దేవుడు కూడా రాసియ్యడు" అన్నారు. తొమ్మిదిన్నరకు ఈమె తినడానికి ఐదు నిమిషాలు వీలు కల్పించాలి, బల్ల సొరుగులో చక్కెర ఉంచాలి, తక్కిన ఉపాధ్యాయులకు లక్షణాలు తెలియాలి అని రాసిచ్చారు. కరస్పాండెంటు ఆ కాగితం నాలుగు రోజులు దగ్గర పెట్టుకుని తరగతి తిరిగి ఇచ్చాడు. తెలుగు పండితుడే ఆ లక్షణాలు పెద్ద అక్షరాలతో రాసి స్టాఫు రూములో అతికించాడని సామేలు చెప్పాడు.

నాకు మిగిలింది సవరణ. డెస్కు ఇన్‌చార్జికి ఫోను చేశాను. ఆయన నిదానంగా విని అన్నాడు. "అచ్చయినదాంట్లో తప్పుందా?" లేదన్నాను. "అచ్చు కానిదాన్ని ఎట్లా సవరిస్తామయ్యా? లేని లైన్లకు సవరణ వేసే పద్ధతి మన దగ్గర లేదు." వారం రోజులు తిరిగి తిరిగి ఫోను చేశాను. ఆ ఆరు లైన్లు మళ్ళీ రాసి కవరులో పంపాను, అచ్చు కాలేదు. చివరికి డాక్టరు గారి పేరుతో కొత్త ఐటెమ్ రాశాను. మొదటి వాక్యమే, షుగరు మాత్ర వేసుకునేవాళ్ళు ఆకలి కోసం కాచుకోకూడదు అని. అది వచ్చేసరికి మొదటిది అచ్చయి ఆరు వారాలు దాటింది. అప్పటి నుంచి ఆరోగ్యం మీద ఏది రాసినా జాగ్రత్త పైన, మొదటి వాక్యంలోనే పెడుతున్నాను. కింద ఏది కోసినా మనిషికి హాని జరగకూడదు. ఈ కేసు నాకు నేర్పింది అంతే, కానీ అది నేర్చుకోవడానికి ఇంకొకరి ప్రాణం మీదికి రావాల్సి వచ్చింది.

మార్తమ్మ ఆ తర్వాత పదేళ్ళకు, 2007లో రిటైరయింది. అంతవరకూ లెక్కలే చెప్పింది. నడుమ ఆళ్లగడ్డ పోయినప్పుడల్లా కనబడేది. ఒకసారి స్టాఫు రూములో తొమ్మిదిన్నరకు జొన్నరొట్టె, చెనిగ్గింజల పొడి, అదే వేరుశనగ పొడి, తింటూ, "ఆకలి లేకున్నా తింటాండా సార్, మీ పత్రికకు తెలిస్తే ఊరుకోరేమో" అని ఎగతాళి చేసింది. పాలకోవా తిన్నప్పుడు అందరి ముందే తినేది.

కొత్త ఐటెమ్ వచ్చిన రెండు వారాలకు డెస్కు నుంచి పాఠకుల ఉత్తరాల కట్ట నాకు పంపారు. అందులో ఒక పోస్టుకార్డు మొదటి ఐటెమ్ గురించి. తేదీ పాతది. పోస్టాఫీసు ముద్ర ప్యాపిలిది. గుండ్రటి అక్షరాలు, బహుశా ఆడపిల్లవి. మీ శీర్షిక మా ఇంట్లో అందరం చదివినాము, మా నాయనకు షుగరు ఉంది, ఇప్పుడు మాత్ర వేసుకుని ఆకలి అయ్యేదాకా ఏమీ తినడం లేదు, ఒళ్ళు తేలిగ్గా ఉందంటున్నాడు, మీకు కృతజ్ఞతలు. కింద సంతకం పెట్టే చోట 'ఒక పాఠకురాలు' అని మాత్రం ఉంది.

ప్యాపిలికి రెండుసార్లు పోయాను. పోస్టుమాస్టరుకు చూపించాను, మందుల షాపుల్లో అడిగాను, స్కూళ్ళలో ఆ దస్తూరీ చూపించాను. ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ తండ్రి మా రెండో ఐటెమ్ చదివాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.