పాత గుడి ఫోటోలో మా అవ్వ

నా చిన్నతనంలో ఒక మధ్యాహ్నం... పానగల్లు పాత గుడి మండపంలో మా అవ్వ చేట ఒళ్ళో పెట్టుకుని పల్లికాయలు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని గింజలు ఏరుతున్నాను.

అప్పుడొచ్చాడు హైదరాబాదు నుంచి ఒక ఫోటో ఆయన. మూడు కాళ్ళ మీద పెట్టె నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని స్తంభాల వైపు చూశాడు.

"లోపట చీకటుంది. మూత దీసి శానసేపు ఉంచాలె," అన్నాడు. "మీరు తిరిగినా ఫికర్ లేదు బిడ్డా. కదిలేటోళ్ళు ఫోటోల పడరు."

ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా ఊళ్ళో అందరూ అనేవారు... అవ్వ కూడా.

ఆయన మూత తీయగానే నేను ఆగకుండా అటూ ఇటూ నడిచాను. కాళ్ళు నొప్పి పుట్టినా ఆగలేదు. నా ఆయుష్షు కాపాడుకునే తొందరలో అవ్వను మరిచిపోయాను. తిరిగి చూస్తే స్తంభానికి ఆనుకుని కునుకు తీస్తోంది. అప్పటికే ఆయన మూత పెట్టేశాడు.

పదిహేను రోజులకు మళ్ళీ వచ్చి ఒక ఫోటో ఇచ్చిపోయాడు. నలుపు తెలుపుల్లో స్తంభాల మీది చెక్కడాలు ఎంత బాగా పడ్డాయో... అన్నిసార్లు నడిచిన నేను ఎక్కడా లేను. అవ్వ మాత్రం స్పష్టంగా ఉంది.

అవ్వ ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. "గీ కంబం కాడ నోరు దెరుసుకొని పండుకున్న ముసల్ది ఎవరే?"

"ఎవరో తెల్వదవ్వా," అన్నాను.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. అవ్వ దగ్గితే భయం... కునుకు తీస్తే ఊపిరి ఉందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఒకసారి దొరికిపోయాను.

"నా ముక్కు కాడ వేలెందుకు వెట్టినవే?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను. అవ్వ నవ్వింది.

"నా చేట నాకు ఎర్కలేదా? నువ్వు బుగులు వడ్తవనే తెల్వనట్టు అడిగిన. ఆయుష్షు పోతె నాది పోతది, నీ తిండెందుకు బంద్ వెట్టినవ్? ముందుగాల తిను."

అవ్వ నా పెండ్లి చూసింది. నా కొడుక్కి నీళ్ళు పోసింది. అయినా ఆమె పడుకుంటే చాలు, నా కన్ను అటే ఉండేది...

అవ్వది ఆ ఒక్క ఫోటోనే మిగిలింది. ఇప్పుడు మా మనవరాలు ఫోనులో రెప్పపాటుకు ఒకటి తీస్తుంది. ఎవరికీ భయం లేదు... మంచిదే. కానీ ఒక మనిషిని అంతసేపు చూసిన ఫోటో వాటిల్లో ఒక్కటీ కనబడదు నాకు.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళది ఒకే ఒక్క ఫోటో ఉందా? అందులో వాళ్ళు ఏం చేస్తున్నారో రాయండి... రాసే ముందు దానికి తడి తగలకుండా ఉందో లేదో ఒకసారి చూసి రండి.