గంజి పెట్టిన గుంట

నా చిన్నప్పుడు మగ్గం మీద దారం మోసుకుంటూ మా అవ్వ చేతిలో అటూ ఇటూ ఆడిన నాడె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి.

మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. మా నాన్నను కన్న అవ్వ వెనుక గదిలో, కిటికీ పక్కన కూర్చుని చీరలు నేసేది. వానలు పోయి చలిగాలి మొదలైతే మా దగ్గర గాలిలో తడి ఉండదు. మన పెదవులు పగిలినట్టే మగ్గం మీద పడుగు దారాలు పటపటా తెగుతాయి. ఇంటికి పెద్ద అయిన మా పెద్దనాయన మాత్రం తప్పు గాలిది కాదు, ముసలిదైన అవ్వ చేతిది అనేవాడు. వచ్చే చలికాలం కూడా ఇట్లాగే తెగితే మగ్గం విప్పి అటకెక్కిస్తానని తేల్చి చెప్పాడు.

అవ్వ పార తీసుకుని కిటికీ వెనుక పెరట్లో తవ్వడం మొదలుపెట్టింది. అక్కడ నీళ్లు నిలిస్తే వాటి మీదుగా వచ్చే గాలి తడిగా ఉంటుంది, దారం తెగదు. అదీ ఆమె లెక్క.

గుంట సగమయ్యేసరికి వానలు ఆగిపోయాయి. పెద్దనాయన ఒడ్డున నిలబడ్డాడు.

“అమ్మా, ఇగ వానలు పోయినయ్. ఈ ఏడు ఇడిసిపెట్టు. చలి పోయినంక తవ్వుకుందువు.”

“అందాంక నా మగ్గం ఉంచుతవారా?”

“గోడ పక్కకే నీళ్లు నిలవెడితే గోడ కూలదా?”

“గోడ కూలితే మళ్ల కట్టుకుంటం. నేను ఒక్కసారి మగ్గం మీదికెల్లి లేస్తే మళ్ల కూసోనిస్తరా?”

తవ్వడం అయింది. రేగడి మట్టి తెచ్చి అడుగంతా మెత్తి, బావి నీళ్లు తోడి పోశాం. మరుసటి పొద్దుకు చూస్తే తడి ఉంది గానీ నీళ్లు లేవు. పక్కింటి అక్క గోడ మీంచి తొంగి చూసి, “ఏందవ్వా, గుంటకు దూపైనట్టుంది!” అంది. వాడకట్టంతా నవ్వడానికి ఆ మాట చాలింది.

ఇంకొకరైతే మేస్త్రీని పిలిచేవారు. మేము నేతవాళ్లం. దారానికి బలం చాలకపోతే గంజి పెడతాం. అవ్వకు మట్టి విషయంలోనూ అదే తోచింది. కాగు నిండా జొన్న గంజి కాచి, పడుగుకు గంజి పెట్టే కుంచెతోనే గుంట అడుగంతా పూసింది. ఆరాక మళ్లీ పూసింది. “దారాన్ని నిలవెట్టేది మట్టిని నిలవెట్టదా?” అని మమ్మల్నే అడిగింది. పెద్దనాయన నెత్తి కొట్టుకుని, రేపు మనుషులను పిలిచి పూడ్పిస్తానన్నాడు.

మరునాడు మనుషుల కంటే ముందు బర్రెలు వచ్చాయి. మేతకు పోతున్న మందకు పులిసిన గంజి వాసన తగిలింది. కుడితి అనుకున్నాయేమో, కంప తోసుకుని మందకు మంద పెరట్లోకి దూరింది. గుంటలో దిగి నాకాయి, తొక్కాయి, పేడ వేశాయి, మధ్యాహ్నం దాకా కదల్లేదు. పెద్దనాయన కర్ర పట్టుకుని దిగితే ఒక బర్రె ఆయన పంచె కొంగు అందుకుని తీరిగ్గా నమిలింది. అవి పోయేసరికి మట్టీ గంజీ పేడా కలిసి, రోట్లో రుబ్బినట్టు ఒక్క ముద్ద అయిపోయింది. గుంట పాడైందని నేను ఏడుపు లంకించుకున్నాను. అవ్వ వంగి, ఆ ముద్దను బొటనవేలితో నొక్కి చూసింది.

“ఏడ్చుడు ఆపి నీళ్లు తేపో,” అంది.

ఈసారి పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. పూడ్చడానికి వచ్చిన మనుషులు నిలిచిన నీళ్లు చూసి తిరిగిపోయారు. ఇక రాదనుకున్న వాన కూడా ఆ వారంలోనే వచ్చి గుంట నింపింది. వానతో పాటు కప్పలూ వచ్చాయి.

ఆ చలికాలం అవ్వ మగ్గం మీద ఒక్క దారం తెగలేదు. తంటా అంతా కప్పలతోనే. నేస్తూ నేస్తూ మగ్గం ఆపి, కిటికీలోంచి వాటిని తిట్టేది. “మీ నోర్లు పడిపోను, జరసేపు ఊకుండరా!” ముందు గదిలో పెద్దనాయన ఆ తిట్లు వింటూ కూర్చునేవాడు. మగ్గం విప్పే మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ మగ్గం మీద నేను కూర్చుంటున్నాను. నా చేతుల గురించి కూడా ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. కిటికీ వెనుక పాత గుంట ఎప్పుడో పూడిపోతే మళ్లీ తవ్వుతున్నాను, సగమైంది. మా ఇంటావిడ చలి పోయాక చూద్దామంటోంది. పనిని సగంలో వదిలెయ్యమని ఎవరన్నా అంటే, వదిలెయ్యమంటున్నది పనినా, నన్నా అని చూడటం అవ్వ దగ్గరే నేర్చుకున్నాను. అందుకే పార కింద పెట్టలేదు. పొయ్యి మీద గంజి పెట్టమని కూడా చెప్పాను.

నాడె మీద ఒట్టు వేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. బర్రెలు నిజం. పంచె నమలడమూ నిజం. ఒక్క దారం తెగలేదన్నది మాత్రం నేను కల్పించింది. మునుపటికంటే తక్కువే, కానీ తెగింది. దారం తెగితే ముడి వేసేదాకా మగ్గం ఆగుతుంది, ఆగితే ముందు గదిలోకి తెలిసిపోతుంది. అందుకని ముడి పడేదాకా అవ్వ కప్పలను తిట్టేది.

పాపం, ఆ చలికి కప్పలన్నీ ఎప్పుడో బురదలో దూరి పడుకున్నాయి.