సొహాగ్‌లో ఎక్కని విమానం

బషందీ అన్న కువైట్‌లో పందొమ్మిదేళ్లు టైల్స్ పరిచాడు. రసమట్టం పెట్టేవాడు కాదు. చెంప నేలకు ఆనించి చూసేవాడు. మా పెదనాన్న కొడుకు. నన్ను ఆ దేశం తీసుకెళ్లింది అతనే.

సెలవుకు ఈజిప్టులో మా ఊరెళ్లి, ఖర్జూరాలు కోస్తూ చెట్టు మీంచి పడ్డాడు. కాలు విరిగింది. ఆరు నెలలకు మించి బయట ఉంటే కువైట్‌లో ఉండే అనుమతి పోతుంది. యాభై ఎనిమిదేళ్ల మేస్త్రీకి మళ్లీ వీసా ఇచ్చేవాళ్లు లేరు.

నా బ్యాంకు కార్డు మీద పాయింట్లు పోగై ఉన్నాయి. కార్డువాళ్ల పోర్టల్‌లో కైరో నుంచి టికెట్ తీశాను. కట్టు విప్పడం ఆలస్యమైంది. తేదీ మార్చబోతే పండగ రద్దీ. దొరికింది ఒక్కటే: పొద్దున మా ఊరి దగ్గరి సొహాగ్‌లో ఎక్కి కైరోలో మారేది. అది గడువులో చివరి రోజు.

ఫోన్ చేశాను.

"సొహాగ్ నుంచే ఉంది అన్నా. కైరోలో మూడింటికి."

"సొహాగ్ ఎందుకురా? అబ్దుర్రాదీ అన్న కైరో దాకా మైక్రోబస్ మాట్లాడేశాడు. ఇంటిల్లిపాదీ వస్తారట."

ఎవరో సంతకం కోసం నా బల్ల ముందు నిలబడ్డారు.

"సరే, నీ ఇష్టం," అన్నాను.

మా వైపు పరదేశం వెళ్లే మనిషిని ఒంటరిగా పంపరు. ఏడు గంటల దారి. పదకొండు మంది. రెండు బాతులు వేయించి పట్టుకెళ్లారు.

ఆ రోజు పన్నెండున్నరకు అన్న కైరో నుంచి ఫోన్ చేశాడు.

"గాద్, టికెట్ లేదంటోందిరా ఈ అమ్మాయి. సొహాగ్‌లో ఎక్కలేదని మొత్తం రద్దయిందట."

వెనక వాళ్ల పెద్దన్న అబ్దుర్రాదీ అరుస్తున్నాడు.

"మనిషి ఎదురుగా ఉన్నాడు కదమ్మా! సగం దారి మేమే మోసుకొచ్చాం. మీకు పెట్రోలు మిగిలింది. మాకు దండలెయ్యాలి!"

"హాజీ, ఆ టికెట్ నేను ముట్టుకోలేను. ఇచ్చినవాళ్లనే అడగండి."

పోర్టల్‌కు ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించారు.

"ఎయిర్‌లైన్స్ ఒప్పుకుంటేనే మారుస్తాం సర్."

ఎయిర్‌లైన్స్‌కు చేశాను.

"కార్డువాళ్లు అడిగితేనే చూస్తాం."

మళ్లీ పోర్టల్.

"మీ పాయింట్లు వెనక్కి రావు సర్."

"పాయింట్లు ఎవడడిగాడయ్యా!"

ఇంకో టికెట్ కొందామంటే ఆ రోజు విమానాలన్నీ నిండిపోయాయి. రెండింటికి కౌంటరు మూసేశారు.

"గాద్," అన్నాడు అన్న. ఫోన్ అందరికీ వినపడేలా పెట్టినట్టున్నాడు. పిల్లల ఏడుపు, పెద్దవాళ్ల రొద. "మొదటిది ఎక్కకపోతే రెండోదీ పోతుందని నీకు తెలుసా?"

తెలుసు. టికెట్ కింద రాసి ఉంది. చదివాను.

"చెప్పానుగా అన్నా," అన్నాను.



"అవును, చెప్పాడు." ఆ మాట నాతో అన్నది కాదు. "నేనే మర్చిపోయాను."

"గాడిదా! అంత ముఖ్యమైన సంగతి మర్చిపోతావురా? పందొమ్మిదేళ్లు ఏం నేర్చుకున్నావు?" అని అబ్దుర్రాదీ మొదలుపెట్టాడు. ఆడవాళ్లు అందుకున్నారు.

ఫోన్ నేనే ముందు పెట్టేశాను.