గడియ వేయని భీమశంకరం గారు

భీమశంకరం గారు ఇండియాలో ఎవరినో చంపి జైలుకెళ్లొచ్చారని అమెరికాలో రిచ్‌మండ్ తెలుగువాళ్లలో ఒక మాట నలుగుతుండేది. పుట్టించిందెవరో గాని, పెంచింది మాత్రం సరోజ ఆంటీ. ఒకసారి ఆవిడ ఇంట్లో పప్పు పలచనైతే "జైలు పప్పులా ఉందమ్మా" అని ఆయన నవ్వారట. పైగా రిటైరైన ఇంజినీరయ్యుండి ఎవరింటికి వెళ్లినా బాత్‌రూమ్ గడియ వేయరు. ఎవరూ రాకుండా లోపల గట్టిగా పద్యాలు పాడుకుంటారు. ఇంతకన్నా రుజువేం కావాలని ఆవిడ వాదన.

ఆ మాట వల్ల ఇరుకున పడింది అవని. డిగ్రీ మధ్యలో మాన్పించి పెళ్లి చేస్తే వచ్చిన పిల్ల. పాలు తెచ్చుకోవాలన్నా కారు కావాల్సిన చోటు. భర్త శ్రీరామ్ నేర్పుతానంటూనే ఏడాది గడిపేశాడు. చివరికి స్టీరింగ్ చేతికిచ్చింది భీమశంకరం గారే. టెస్టు వచ్చే వారమనగా ఆ మాట శ్రీరామ్ చెవిన పడింది. ఇక ఆయన కారెక్కొద్దన్నాడు. అవని ఎప్పటిలాగే తల దించుకుంది.

ఆ శనివారం అందరూ కలిసి నది ఒడ్డున ఇంగ్లీషువాళ్ల వలస కాలంనాటి పాత ఊరు చూడ్డానికి వెళ్లారు. ఒకప్పుడు ఇంగ్లండ్ ఖైదీలను ఓడల్లో తెచ్చి ఆ రేవులోనే పొలాలవాళ్లకు అమ్మేసేవారని గైడు చెప్పాడు. అమెరికాకు అందరూ కోరి వచ్చినవాళ్లేనని అవని అప్పటిదాకా అనుకునేది.

పాత జైలు గదిలో సరోజ ఆంటీ ఊరుకోలేదు. "అన్నయ్యగారూ, మీకు అలవాటైన చోటేగా. మీరే చూపించండి" అంది. ఆయన నవ్వబోయారు. ఇంతలో గైడు, టూరిస్టులందరితో చేసే సరదాగానే, ఇనుప తలుపు దభాలున మూశాడు. పిల్లలు కేరింతలు కొట్టారు.

భీమశంకరం గారు గోడవారన గొంతుక్కూర్చున్నారు. తల వంచి, ఒక చెయ్యి పక్కకు చాచి, ఎవరి కొంగుకోసమో గాలిలో తడుముతున్నారు.

కేరింతలు ఆగిపోయాయి. అవని వెళ్లి పక్కనే గొంతుక్కూర్చుంది. ఆయన వేళ్లకు చున్నీ అంచు తగిలింది. గట్టిగా పట్టుకున్నారు.

"లెక్క అయిందా?" అన్నారు మెల్లగా.

"ఏం లెక్క, అంకుల్?"

"సాయంత్రం మనుషుల లెక్క. తలుపు పడగానే కూర్చోవాలి. లేకపోతే అమ్మను తిడతారు."

సరోజ ఆంటీ మొహంలో నెత్తురు చుక్క లేదు. గైడు తలుపు తెరిచి సారీ మీద సారీ చెప్పాడు.

తిరిగి బయల్దేరేటప్పుడు అవని భర్తను అడగలేదు. భీమశంకరం గారి కారు దగ్గరికెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఆయన పక్కన కూర్చున్నారు. శ్రీరామ్ వెనక ఎక్కాడు. హైవే ఎక్కేదాకా ఆయన రోడ్డు గురించే మాట్లాడారు. ఆ తర్వాత, అడగకుండానే, చెప్పారు.

ఆయన ఎవరినీ చంపలేదు, జైలుకు వెళ్లనూ లేదు. తల్లి శిక్ష అనుభవిస్తున్న రాజమండ్రి జైల్లోనే పుట్టి, ఊహ తెలిసేదాకా అక్కడే పెరిగారు.