మేమా, మనమా

తాయారుకి చదువు రాదు. తగరపువలస దగ్గర పల్లెలో పుట్టి, డెబ్భై నాలుగులో మేనత్త కొడుకు శ్రీరామ్మూర్తిని చేసుకుని కంచరపాలెం వచ్చింది. వీధిలో ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతున్నారంటే ఒకరోజు పలక పట్టుకుని వెళ్లింది. ఆమె రాసిన 'అ' చూసి పక్కవాళ్లు పకపకా నవ్వారు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

శ్రీరామ్మూర్తి పోర్టులో గుమాస్తా. ఆదివారం మధ్యాహ్నాలు వేరే గ్రహాల మనుషుల మీద కథలు రాసేవాడు. ఒకసారి అతని కాగితం మీద కొక్కేల్లాంటి గీతలు కనిపించాయి.

"ఇదేటి బావా, ఇంగిలీసా?"

"కాదే. నా కతలో మనుసులు రాసుకునే అచ్చరాలు. నానే పుట్టించాను."

"మరెవులికొచ్చు?"

"నాకొక్కడికే."

తాయారు అతని పక్కన కూర్చుంది. "అయితే నాకు నేర్పు బావా. తప్పు రాసినా నవ్వీవోలు ఉండరు కదా."

శ్రీరామ్మూర్తి తెల్లకాగితం ఒకటి తీసి ఆమె ముందుంచాడు.

నెల తిరిగేసరికి ఇరవై రెండు గుర్తులూ వచ్చేశాయి. తర్వాత ఆ గ్రహం మాటలూ పట్టుకుంది. అక్కడే ఆమెకో సందేహం వచ్చింది. ఆ భాషలో మేము అన్నా 'లూమి', మనం అన్నా 'లూమి'.

"అదెలాగ బావా? ఇంటికొచ్చినోడితో 'లూమి బువ్వ తింటాం' అన్నారనుకో. ఆడు కాళ్లు కడుక్కుని కూకోవాలా, లేచి ఎల్లిపోవాలా?"

శ్రీరామ్మూర్తి కలం కింద పెట్టాడు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. తన భాషనూ ఆ పోలికలోనే కట్టేశాడు. "నిజవేనే. నాకు తట్టనేదు. మనం అన్నదానికి నువ్వే ఓ మాట సెప్పు."

తాయారు సిగ్గుపడుతూ, "లూలూమి," అంది.

కథ డెబ్భై తొమ్మిదిలో ఒక వారపత్రికలో వచ్చింది. ఆ అక్షరాలకు అచ్చుదిమ్మలు లేవని లిపి మొత్తం తీసేసి, ఆ మాటలను తెలుగక్షరాల్లో వేశారు. శ్రీరామ్మూర్తి మొహం వాడిపోయింది. పత్రిక అరుగు మీద పడేసి కూర్చున్నాడు.

తాయారు దాన్ని అందుకుంది. కొక్కేలతో చెయ్యి తిరిగాక తెలుగక్షరాలంటే ఆమెకు బెదురు పోయింది. ఏడాదిగా పచారీ పొట్లాలూ బస్సు బోర్డులూ కూడబలుక్కుంటూనే ఉంది. వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టింది. అతను మెల్లగా ఆమె వైపు తిరిగాడు. ఒకచోట ఆమె ఒక వరస వదిలేసినా అతను ఆపలేదు. నాలుగు పేజీలకు గంట పైనే పట్టింది.

"బాగుంది బావా. కతలో ఆ ముసలి రాణి సచ్చిపోకుండా ఉండాల్సింది."

"ఇంకో కత రాసి బతికించీమంటావేటి?"

"బతికించు."

శ్రీరామ్మూర్తి కాగితాల కోసం లోపలికి వెళ్లాడు.