తాత విల్లు మోత

మొన్న పక్కింటివాళ్ళు అలమార చేయించుకుంటుంటే, కోసిన ప్లైవుడ్ వాసన, బంక వాసన కలిసి మా వంటింట్లోకి వచ్చాయి. పొయ్యి మీద పాలున్న సంగతి మరిచి కిటికీ పట్టుకుని నిలబడిపోయాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ వాసన ఎప్పుడూ నాకు ఇలాంటి పనే చేస్తుంది. ఆదోనిలో మేం ఒక ఏడాది పొడవునా ఆ వాసనలోనే తిని, ఆ వాసనలోనే పడుకున్నాం.

మాది దూది ఏకే ఇల్లు. తాత తన నిలువెత్తు విల్లును వసారా దూలానికి వేలాడదీసి, ముందు దూది కుప్ప పోసుకుని, కొయ్య గుండుతో నారిని కొట్టేవాడు. కొట్టినప్పుడల్లా గుమ్మని మోత లేచేది, దూది ఎగిరి మా రెప్పల మీద, వాకిట్లో ఆరబోసిన మిరపకాయల మీద, అవ్వ కాలుస్తున్న జొన్నరొట్టెల మీద కూడా వాలేది. ఎండాకాలం పెళ్ళిళ్ళకు పరుపులు, చలికాలానికి బొంతలు. పీర్ల పండుగకు మాత్రం విల్లు దించేసి, అవ్వ బెల్లమూ నెయ్యీ వేసి పిసికిన మలీద ముద్దలు తింటూ కూర్చునేవాడు. మధ్యాహ్నాలు నేనూ తమ్ముడూ ఏకిన దూదిలో దాగుడుమూతలు ఆడి ఆడి, తాత అదిలిస్తే అక్కడే వెల్లకిలా పడుకునేవాళ్ళం. అప్పుడా మోత చెవుల్లోకి కాదు, నేలలోంచి వీపులోకి వచ్చేది. రెండు దెబ్బలు, కాస్త ఆపు, ఒక చిన్న దగ్గు, మళ్ళీ రెండు దెబ్బలు. వీధి మలుపులో ఉన్నవాళ్ళు కూడా అది తాత చెయ్యేనని గుర్తుపట్టేవాళ్ళు.

నాయన మాత్రం విల్లు ముట్టలేదు, మైకు సెట్టు అంగడి పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళకూ, ఉరుకుంద జాతరకు పోయే బండ్లకూ, గుడికీ మసీదుకూ ఆయన మైకులే. గోడకు వరసగా వేలాడే ఆ రేకు హారన్లను చూసి తాత ఎగతాళి చేసేవాడు: "నీ మైకు అరుస్తాది గానీ మాట్లాడదురా."

ఒకసారి ఎమ్మిగనూరు నుంచి మా మామ అరచేతి వెడల్పు టేపురికార్డరు తెచ్చి, సరదాకి తాత ఏకుతుంటే ఆ మోతను క్యాసెట్టులోకి ఎక్కించాడు. ఆ తర్వాత తాత ఎంతోకాలం బతకలేదు. ఆయనవంటూ మిగిలినవి ఆ క్యాసెట్టు, అటక మీది విల్లు.

తాత పోయాక అవ్వ చెవులు మందగించాయి. మా పిలుపులు, గిన్నెల చప్పుడు, పిచ్చుకల గోల, అన్నీ పోయాయి. లారీ పోతేనో, పీర్ల పండుగ డోలు మోగితేనో మాత్రం తల తిప్పేది. సన్నని చప్పుళ్ళు పోయి లావువి మిగిలాయని నాయన అనేవాడు. ఒక పొద్దున ఉగ్గాని తింటున్న నాయన పక్కన కూర్చుని అడిగింది.

"ఊరందరికీ ఇనిపిస్తావు గదప్పా. మీ నాయన విల్లు నాకొకసారి ఇనిపీ."

నాయన ఆ క్యాసెట్టును రేకు హారనులో మోగించాడు. తగరం డబ్బా మీద మేకు కొట్టినట్టు టంగు టంగుమంది. వీధంతా బయటికొచ్చింది. అవ్వకు మాత్రం ఏమీ వినపడలేదు.

హారనులో లావు మోత రావాలంటే అది బాగా పొడుగుండాలి, నోరు బాగా వెడల్పుండాలి. ఆ లెక్కను నాయన ఎమ్మిగనూరులో ఒక రేడియో మెకానిక్కు దగ్గర కూర్చుని నేర్చుకొచ్చాడు. వేసి చూస్తే హారను మా ఇంటికన్నా పొడుగు తేలింది. "అయితే దాంట్లోనే కాపురం పెడదాం పాండి" అని అమ్మ నవ్వింది. చివరికి దాన్ని మడిచాడు. బీరువా అంత ప్లైవుడ్ పెట్టెలో అడ్డం అడ్డం పలకలు బిగించి, మోత మెలికలు తిరిగి బయటికొచ్చేలా దారి చేశాడు. గది మూలకు తోస్తే రెండు గోడలూ నేలా కలిసి దాని నోటిని ఇంకా పెద్దది చేస్తాయన్నాడు. మూలనున్న జొన్నల గాదె వసారాకు పోయింది, అవ్వ మంచం గడప దగ్గరికి వచ్చింది. మేం ఆ పెట్టెలోకి దూరి అరిచి, మా గొంతు మాకే కొత్తగా వినపడితే కేరింతలు కొట్టేవాళ్ళం.

మొదట డోలు పాటల క్యాసెట్టు వేశాడు. అలమారలో గ్లాసులు గలగలలాడాయి. అవ్వ లేచి కూర్చుని గోడకు అరచెయ్యి ఆనించింది. "గోడ గుమ్మంటాందిరా!" అంది. అమ్మ సంతోషం పట్టలేక అందరి నోట్లో బెల్లం పెట్టింది.

తర్వాత తాత క్యాసెట్టు వేస్తే మళ్ళీ అదే టంగు టంగు.

నాయన పలకలు విప్పాడు, బిగించాడు. సందుల్లో దూది కూరాడు. పెట్టెకు ఇంకో చెక్క నోరు తగిలించి గడప దాకా సాగదీశాడు. డోలు ఇంకా లావుగా వచ్చింది గానీ తాత రాలేదు. అన్నం ముందు కూర్చుని కూడా ఆ పెట్టె వైపే చూసేవాడు. ఒకరోజు అవ్వ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాడు.

"టేపులోనే లేదు మా. ఆ సిన్న మిషను లావు మోతను పట్టనే లేదు."

"మరి యాడికి పోయినాదిరా?"

నాయన అటక ఎక్కి విల్లు దించాడు. దూలానికి కట్టి, రాని చేత్తో కొట్టాడు. గుమ్మంది, అచ్చం అదే మోత. అవ్వ కాసేపు విని తల అడ్డంగా ఊపింది. "మోత అదే. సెయ్యి నీది" అంది. క్యాసెట్టులో చెయ్యి ఉంది, మోత లేదు. విల్లులో మోత ఉంది, చెయ్యి లేదు. ఆ రెంటినీ కలిపే పనిముట్టు నాయన అంగట్లో లేదు. ఆ పూట ఆయన ముఖం చూడలేక నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

పీర్ల పండుగ నాడు అవ్వ మళ్ళీ అడిగింది. రాదని తెలిసీ నాయన క్యాసెట్టు పెట్టాడు. అవ్వ పెట్టెకు చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. టంగు టంగు కాస్సేపు సాగి కరెంటు పోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. అవ్వ కళ్ళు తెరవలేదు. రెండుసార్లు తల ఊపింది, ఆగింది, మళ్ళీ రెండుసార్లు ఊపింది.

"వచ్చినాడప్పా. ఇనపడినాది. సాలు, ఇంక ఇప్పేయ్" అంది.

కొడుకు కష్టం చూడలేక అందో, నిజంగానే విన్నదో మాకు తెలియదు. నాయన ఆరిపోయిన బల్బు వైపు చూశాడు, నా వైపు చూశాడు. మర్నాడు పెట్టె విప్పేశాడు. ఆ తర్వాత అవ్వ ఎప్పుడూ అడగలేదు. రెండు పండుగలు తిరక్కుండానే పోయింది.

ఇప్పుడు ఆదోనిలో దూది ఏకే విల్లు వినపడదు. పరుపులు కంపెనీ ఫోముతో వస్తున్నాయి, అక్కడక్కడా మోటారు మిషన్లున్నాయి. నాయన అంగడి మూతపడి చాలాకాలమైంది. తమ్ముడింట్లో బియ్యం డబ్బా అంత స్పీకరు పెట్టె పెడితే చాలు, నేల అదురుతుంది. పోయిన నెల ఆ క్యాసెట్టును కర్నూలు తీసుకుపోయి కంప్యూటరులోకి ఎక్కించాను. లావు మోత ఉండాల్సిన చోట తెర మీద గీతే లేదు. ఉన్నదాన్ని పెంచగలం గానీ లేనిదాన్ని తేలేమన్నాడు అక్కడి ఆయన.

తిరిగి వచ్చేసరికి నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "వచ్చినాదామ్మా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను.

"పోనీలే. మా అమ్మకైతే ఇనపడినాది గదా" అన్నాడు.

"ఇనపడినాది నాయనా" అన్నాను.