ఇక్కడ సిబ్బంది ఉండరు

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. కూడలి దగ్గరి బంకులో ఇరవై రెండేళ్లుగా ఆమె జీరోఅక్క.

చేరిన మొదటి వారంలో ఒకాయన, మీటరు జీరోకి రాకుండానే పెట్రోలు పోశావని నలుగురిలో ఆమెను దొంగ అన్నాడు. తప్పు ముందు డ్యూటీ వాళ్లది. మాట పడింది ఆమె. ఆ రోజు నుంచి పైపు ఎత్తే ముందు మీటరు వైపు వేలు చూపించి "జీరో చూసుకోండి" అంటుంది. తెలిసినవాళ్లకీ అంతే, తొందరలో ఉన్నవాళ్లకీ అంతే. చూడకపోతే పోయదు. ఒకసారి యజమాని బండినే ఆపింది.

"నా బంకులో నాకే జీరోనా?" అన్నాడాయన.

"మీరు చూస్తే మిగతావాళ్లూ చూస్తారు సార్."

ఈ ఏడాది వానలకు ముందు నాలుగు పంపుల్లో మూడు పీకేశారు. వాటి చోట మూడు తెల్లటి ఛార్జింగ్ మెషిన్లు నిలబెట్టారు. వాటితో పాటే ఒక నీలం బోర్డు వచ్చింది. "ఇక్కడ సిబ్బంది ఉండరు. మీ బండికి మీరే ఛార్జింగ్ పెట్టుకోండి." బోర్డు బిగించిన రోజే ఆమెతో పనిచేసే ఇద్దరు, బక్కాయన, పొట్టిచెల్లెలు, ఇంటికి వెళ్లిపోయారు. నాలుగో పంపు నెలాఖరు దాకా నడుస్తుంది. కాబట్టి ఆమె కూడా నెలాఖరు దాకానే.

యజమాని చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పడానికి నీళ్లు నమిలాడు.

"కాలం మారిందమ్మా. పెట్రోలు పోతోంది."

"పోనీండి సార్, నాకేమన్నా చుట్టమా? ఇన్నేళ్లూ దాని వాసనకి తలనొప్పే. అది పోతే నేనెందుకు పోవాలి?"

"మెషిన్‌కి మనిషి అక్కర్లేదంటున్నారు కంపెనీవాళ్లు."

"మెషిన్‌కి అక్కర్లేదేమో. వచ్చేది మనుషులు కదా."

ఆయన ఆఫీసు గదిలోకి వెళ్లి ఫ్యాను వేసుకున్నాడు.

ఇంట్లో తల్లికి చూపు ఆనదు. కూతురు గడప దాటకముందే పెట్రోలు వాసన పట్టి "వచ్చావా" అనేది. ఒకే పంపు మిగిలాక ఆ వాసన పలచబడింది. ఒక సాయంత్రం అడుగుల చప్పుడుకి ముసలామె ఉలిక్కిపడింది.

"ఎవరూ?"

"నేనేనమ్మా."

"వాసన లేకుండా వస్తే దొంగ అనుకోనూ? ఉద్యోగం ఊడిందా?"

"ఊడలేదు. ఊడదు."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్తున్నా."

మర్నాడు స్టూలు మెషిన్ల వైపు తిప్పి వేసుకుని కూర్చుంది. మూడు రోజులు ఊరికే చూసింది. మెషిన్లు బాగానే ఉన్నాయి. మనుషులే పాత అలవాటు వదల్లేదు. పెట్రోలు పైపు బండిలోంచి తీస్తే పని అయిపోయినట్టే. ఇక్కడా జనం అలాగే, చాలనుకోగానే కేబుల్ లాగుతున్నారు. ముందు మెషిన్ మీద ఆపే బటన్ నొక్కాలి. నొక్కకపోతే ఒక్కోసారి కేబుల్ బండిని పట్టుకుని వదలదు. ఒక్కోసారి వదులుతుంది కానీ లెక్క ముగియదు. తర్వాతి బండికి ముందు బండి యూనిట్లు కూడా కలుస్తాయి.

నాలుగో రోజు సణుగుడు బాబాయి వచ్చాడు. డీజిలు ఆటో అమ్మి కరెంటు ఆటో కొన్నవాడు. కొన్న రోజు నుంచీ సణుగుడే.

"పొగ పోయింది, చప్పుడు పోయింది, ఇప్పుడు నా ఓపిక పోతోంది. గంట నిలబడాలి! డీజిలైతే ఈపాటికి రెండు ట్రిప్పులు కొట్టేవాణ్ణి."

"బాబాయ్, జీరో చూసుకున్నావా?"

"దీనికి కూడా జీరో ఏమిటే అమ్మాయ్?"

చూశాడు. తెర మీద పదకొండు యూనిట్లు. ఇంకా కేబుల్ చేతిలోనే ఉంది.

"ఎవడిదిది?"

"నీ ముందు కారాయనది. ఉండు." బటన్ నొక్కింది. పదకొండు పోయి సున్నా వచ్చింది. "ఊ, ఇప్పుడు పెట్టు."

ఆ తర్వాత ఆమె నేల మీద సుద్దముక్కతో వరుస సంఖ్యలు వేసింది. ఎవరు ముందన్న గొడవలు తగ్గాయి. కరెంటు పోయినప్పుడు తిట్లన్నీ ఆమెకే పడేవి. "తిట్టడం అయ్యాక టైర్లలో గాలి చూపించుకోండి, ఈలోపు వస్తుంది" అనేది. ఎవరూ ఆమెను ఈ పని చేయమనలేదు. ఎవరూ వద్దనలేదు.

నెలాఖరు రోజు మధ్యాహ్నం కంపెనీ ఆఫీసరు తన కారులో వచ్చాడు, వెంట నలుగురు అతిథులు. యజమాని ఇస్త్రీ చొక్కాతో ఎదురెళ్లాడు. ఆఫీసరు నీలం బోర్డు కింద నిలబడి, "ఒక్క మనిషి అవసరం లేదు, చూడండి" అంటూ తన కారుకి కేబుల్ పెట్టాడు. పావుగంట మాట్లాడాడు. మాటలయ్యాక కేబుల్ లాగాడు.

రాలేదు. ఆయన కూడా పెట్రోలు బంకులు తిరిగినవాడే.

రెండు చేతులతో లాగాడు. వరుసలో హారన్లు మొదలయ్యాయి.

"ఇంకొంచెం గట్టిగా సార్, కారు ఊడొస్తుంది!" అన్నాడు సణుగుడు బాబాయి.

ఆఫీసరు కంపెనీ సహాయ నంబరుకి ఫోను చేశాడు. అవతల పాట వస్తోంది. యజమాని ఇటు తిరిగాడు.

"ఏమ్మా, ఒకసారి రా."

ఆమె స్టూలు మీంచి లేవలేదు. "ఎవర్ని సార్?"

"నిన్నే."

"ఆ బోర్డు చదవండి. ఇక్కడ సిబ్బంది ఉండరు. లేనిదాన్ని పిలిస్తే ఎలా పలుకుతాను?"

ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నలుగురి ముందు ఏంటమ్మా ఇది? ఏం కావాలి నీకు?"

"ఒక్క అక్షరం."

"అక్షరమా?"

"డ తీసేసి టా పెట్టండి. ఉండరు కాదు, ఉంటారు."

వరుసలో ఎవరో నవ్వారు. ఫోనులో పాట మళ్లీ మొదటికొచ్చింది.

"సరేలే, రేపు రాయిస్తాను."

"రేపు ఒకటో తారీఖు సార్. రేపటికి నేను ఉండరులో ఉంటాను."

ఆయన కారు వైపు చూశాడు, అతిథుల వైపు చూశాడు, నుదురు తుడుచుకున్నాడు. "రాసుకో తల్లీ" అన్నాడు.

స్టోరు గదిలో పంపులకు వేసే పసుపు రంగు డబ్బా ఉంది. ఆమె తెచ్చింది. స్టూలెక్కి డ మీద రంగు పులిమి, పక్కన ఉన్న కాస్త చోట్లో టా ఇరికించింది. వంకరగా వచ్చింది. చదవడానికి అడ్డం లేదు. దిగి, చేతులు తుడుచుకుని, బటన్ నొక్కింది. టక్కుమంది. కేబుల్ ఆఫీసరు చేతిలోకి వచ్చింది.

"ముందు నొక్కాలి సార్, తర్వాత లాగాలి."

తర్వాత తన ఫోను తీసింది.

"ఇప్పుడెవరికమ్మా?" అన్నాడు యజమాని.

"బక్కాయనకి. ఆయన తర్వాత పొట్టిచెల్లెలికి."

"నేను ఒప్పుకుంది నీ ఒక్కదానికే! ఉంటారు అన్నది గౌరవానికి."

"గౌరవానికైతే నేనొక్కదాన్నే చాలు సార్. మూడు మెషిన్లకి చాలను. అది బహువచనం."

అవతల ఫోను మోగుతోంది. ఈలోగా సణుగుడు బాబాయి ఆటో ముందుకొచ్చింది. ఆమె ఫోను చెవికి ఆనించుకునే, రంగంటిన వేలు తెర వైపు చూపించింది.

"జీరో చూసుకో బాబాయ్."